వాడు చూపిన తలుపులోంచి వెళ్ళొద్దు: జీమెయిల్ ఖాతా, గాలం మెయిళ్ళు

(గ్రంథాలయం హాల్లో ఆదివారం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. బ్యాంకు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా భద్రంగా పెట్టుకునేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అందరూ ఎత్తారు. బాగుంది. జీమెయిల్ పాస్‌వర్డ్‌ని అంత భద్రంగా చూసుకునేవాళ్ళు? చూశారా, సగం చేతులు దిగిపోయాయి. "మా జీమెయిల్లో ఏముందండీ, కరెంటు బిల్లులూ ప్రకటనలూ తప్ప" అంటారు. ఏ సైటుకైనా వెళ్ళి పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కండి. కొత్తది పెట్టుకోవడానికి లింకు ఎక్కడికొస్తుంది? జీమెయిల్‌కి. ఆండ్రాయిడ్ ఫోన్లో కాంటాక్టులు, ఫోటోలు, ఫోన్ బ్యాకప్, క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, అన్నీ ఎక్కడున్నాయి? ఆ ఒక్క గూగుల్ ఖాతాలోనే. ఇంట్లో బీరువాకి తాళం వేసి, తాళాల గుత్తి వీధిగుమ్మం పక్కన మేకుకి తగిలించినట్టుంది మన వ్యవహారం. అందుకని ఇవాళ బ్యాంకు గురించి తక్కువ, ఆ మేకు గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఫిషింగ్ అంటే గాలం వెయ్యడం. ఎర అచ్చం అసలుదానిలా ఉంటుంది, లోపల కొక్కెం ఉంటుంది. "చదువు లేనివాళ్ళూ పెద్దవాళ్ళూ చిక్కుకుంటారు, మనకేం" అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెబుతాను. 2016 మార్చి 19. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ప్రచారానికి ఛైర్మన్ జాన్ పొడెస్టా. ఆయన జీమెయిల్‌కి ఒక మెయిలొచ్చింది. మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది, ఉక్రెయిన్ నుంచి ఎవరో మీ ఖాతాలోకి రాబోయారు, గూగుల్ ఆపింది, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోండి అని. కింద నీలం రంగు బటను. ఆయన దగ్గర పనిచేసేవాళ్ళు తొందరపడలేదండీ. కంప్యూటర్ల సంగతి చూసే కుర్రాడిని అడిగారు. ఆ కుర్రాడు ఏం జవాబు రాశాడు? "ఇది అసలైన మెయిలే, పాస్‌వర్డ్ వెంటనే మార్చాలి, రెండంచెల భద్రత కూడా పెట్టాలి" అన్నాడు. రెండంచెలంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తాళం. అసలైనది కాదు అని రాయబోయి పొరపాటున అలా రాశానని తరవాత చెప్పుకున్నాడు. ఒక్క మాట తేడా. కానీ అందరూ మర్చిపోయే విషయం ఇంకోటుంది. ఆ కుర్రాడు తన జవాబులో గూగుల్ వారి అసలు సెక్యూరిటీ పేజీ లింకు కూడా ఇచ్చాడు. ఆ లింకు నొక్కి ఉంటే మెయిలు నిజమైనా దొంగదైనా ఏమీ అయ్యేది కాదు. వాళ్ళు నొక్కింది దొంగ మెయిల్లోని బటను. అక్టోబరు 7 నుంచి ఆ ఉత్తరాలన్నీ రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటులో బయటపడ్డాయి. 2018 జూలైలో ఈ వ్యవహారంలో అమెరికా 12 మంది రష్యా సైనిక గూఢచారుల మీద అభియోగాలు మోపింది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఏమిటి? మెయిలు అసలుదా నకిలీదా అని తేల్చడం మన పని కాదు. తేల్చబోతే తప్పుతాం, నిపుణులే తప్పారు. మన పని ఒక్కటే. మెయిలు పంపినవాడు చూపిన తలుపులోంచి, అంటే వాడిచ్చిన లింకులోంచి, వెళ్ళకపోవడం. మెసేజి నిజమే అయినా సరే, మన దారిన మనం వెళ్ళాలి.

మన దారి అంటే ఏమిటి? ఇప్పుడే చేసి చూద్దాం, ఫోన్లు తీయండి. జీమెయిల్ యాప్ తెరవండి. కుడివైపు పైన మీ బొమ్మ గానీ మీ పేరులో మొదటి అక్షరం గానీ గుండ్రంగా ఉంటుంది. నొక్కండి. మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్ అని వస్తుంది. అందులో సెక్యూరిటీ. గూగుల్ నిజంగా మీకు హెచ్చరిక పంపి ఉంటే అది ఇక్కడ, ఈ పేజీలో కూడా కనపడుతుంది. ఇక్కడ లేదా? అయితే మెయిల్లో ఎంత ఎర్రక్షరాలతో రాసినా పట్టించుకోనక్కర్లేదు. వచ్చిందా అందరికీ? అమ్మా, మీకు తెలుగులో వస్తే "భద్రత" అని ఉంటుంది. అదే.

చలానా వచ్చిందంటూ మెసేజి వస్తే మెసేజి మూసెయ్యండి. రవాణా శాఖ వారి పరివాహన్ సైటు పేరు మీరే టైపు చేసి, బండి నంబరు వేసి చూడండి. పార్సిలు ఆగిపోయిందంటే ఆ కంపెనీ యాప్ తెరిచి చూడండి. మన దారిలోనూ ఒక గొయ్యి ఉంది, చెప్పాలి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్లో వెతకొద్దు. మోసగాళ్ళు డబ్బు కట్టి ప్రకటనల్లో దొంగ నంబర్లు పైకి తెచ్చుకుంటారు. బ్యాంకు నంబరు కావాలా? డెబిట్ కార్డు వెనక ఉంది, చూసుకోండి.

ఇప్పుడు వెబ్ అడ్రసు చదవడం. కంటిని నమ్ముకోవద్దని చెప్పి మళ్ళీ ఇదేమిటి అంటారేమో. అక్షరాలు రావాలి కదండీ, అందుకు.

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. వెబ్ అడ్రసుకి ఇంటిపేరు చివర ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. హెచ్‌టీటీపీఎస్ అనీ, రెండు గీతలూ ఉంటాయి కదా. అవి వదిలెయ్యండి. ఆ తరవాత మొదటి ఒంటి గీత, స్లాష్, ఎక్కడొస్తే అక్కడ ఆగండి. అక్కణ్ణుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి చదవండి. చివర కామ్ ఉంటే దాని ముందు మాటతో కలిపి ఇంటిపేరు. గవ్ డాట్ ఇన్, కో డాట్ ఇన్, బ్యాంక్ డాట్ ఇన్ లాంటివి జంటగా ఉంటాయి కాబట్టి వాటి ముందున్న మాటని కూడా కలుపుకోండి. దానికి ఎడమవైపు ఉన్నదంతా ముద్దుపేరు. ముద్దుపేరు ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మా అబ్బాయిని కలెక్టర్ అని పిలుచుకుంటే ఎవరైనా అడ్డొస్తారా?

పొడెస్టా బటను వెనకున్న అడ్రసు చెబుతాను, మీరే విప్పండి. మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్ హైఫన్ సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్ డాట్ టీకే. మొదట్లో మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్ కనపడుతోంది, అవునా? కానీ కామ్ తరవాత స్లాష్ లేదు, హైఫన్ ఉంది. అంటే పేరు ఇంకా అయిపోలేదు. చివరినుంచి చదివితే? టీకే. అది టోకెలావ్ అని పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల గుర్తు. దాని ముందు కామ్ హైఫన్ సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్. అదీ ఇంటిపేరు. గూగుల్ అన్నది ముద్దుపేరు. అది కూడా పొట్టి లింకు వెనక దాచి పంపారు.

ఇంకోటి. ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ హైఫన్ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్. ఇది ఎవరిది? ...కరెక్టు బాబూ, కేవైసీ అప్‌డేట్ ఎక్స్‌వైజెడ్ వాడిది, స్టేట్ బ్యాంకుది కాదు. నిజంగా బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిస్తే మాత్రం దానికి విలువుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ఈ ఇంటిపేరుకి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది, మన హైదరాబాదు మాసాబ్ ట్యాంక్ దగ్గరున్న, రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థకి. బ్యాంకు కానివాడు అక్కడికి వెళ్ళి ఈ పేరు కొనుక్కోలేడు.

అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే చాలదా? ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. తాళం గుర్తుంటే మీకూ ఆ సైటుకీ మధ్య ఎవరూ వినడం లేదని అర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. ఆ తాళం గుర్తుకి కావలసిన సర్టిఫికెట్టు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. అందుకే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మ తీసేసింది కూడా. ఇక ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే చిన్న స్క్రీను మీద ఎమ్ లాగే కనపడతాయి. ఫోన్లో అడ్రసు సగమే కనపడుతుంది. రాత్రి పదకొండింటికి కళ్ళజోడు లేకుండా మనం ఎన్ని అక్షరాలు లెక్కపెడతాం? అందుకే కన్ను చాలదంటున్నాను.

ఎస్సెమ్మెస్సుల గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. బ్యాంకు మెసేజి పది అంకెల మామూలు నంబరు నుంచి రాదు. అక్షరాల పేరుతో వస్తుంది, 2025 మే నుంచి ఆ పేరు చివర ఒక అక్షరం కూడా చేర్చారు. పీ ఉంటే ప్రకటన, టీ లావాదేవీ, ఎస్ సేవ, జీ ప్రభుత్వం. బ్యాంకుల ఫోన్లకి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. ఇవన్నీ పనికొస్తాయి. కానీ నంబరు బాగుంది కదా అని ఓటీపీ చెప్పమని కాదు నేననేది.

ఓటీపీ. ఇక్కడ కాస్త నిలబడదాం, చాలామందికి ధీమా ఇక్కడే ఉంది. "పాస్‌వర్డ్ పోతే పోయింది, ఓటీపీ నా ఫోనుకే కదా వస్తుంది" అంటారు. ఏం జరుగుతుందో చూడండి. మీరు నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టారు. అవతల వాడి కంప్యూటరు, మనిషి కూడా కాదు, అదే క్షణంలో ఆ పాస్‌వర్డ్‌ని అసలు గూగుల్ పేజీలో కొడుతుంది. గూగుల్ మీకు ఓటీపీ పంపుతుంది. నిజమైన ఓటీపీ, నిజమైన గూగుల్ నుంచి. మీకు నమ్మకం ఇంకా పెరుగుతుంది. నకిలీ పేజీ ఓటీపీ అడుగుతుంది, మీరు కొడతారు, అదీ అటు వెళ్ళిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది, వాడికి. అథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెలు ఉంటాయి చూశారూ, వాటికీ ఇదే గతి. 30 సెకన్లు కంప్యూటరుకి చాలా ఎక్కువ. పైగా లోపలికి వెళ్ళాక బ్రౌజరుకి ఒక చీటీ ఇస్తారు, మళ్ళీ మళ్ళీ పాస్‌వర్డ్ అడక్కుండా. కుకీ అంటారు. సినిమాహాల్లో ఇంటర్వెల్ పాసులాంటిది. వాడు ఆ పాసు కూడా పట్టుకుపోతాడు.

ఓటీపీ పనికిరాదని అనను. మీ పాస్‌వర్డ్ ఎక్కడో లీకై, ఎవడో దూరాన్నుంచి ప్రయత్నిస్తే ఓటీపీ ఆపుతుంది. మన చేత్తో మనమే ఇస్తే ఆపలేదు. ఆ తేడా తెలియాలి.

మరి ఏది ఆపుతుంది? తప్పు తలుపుకి సరిపోని తాళంచెవి. రెండున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

చిన్నది పాస్‌వర్డ్ మేనేజరు. గూగుల్ క్రోమ్‌లోనే ఉంది, ఐఫోన్లోనూ ఉంది. అది పాస్‌వర్డ్‌తో పాటు ఏ ఇంటిపేరుకి ఆ పాస్‌వర్డో కూడా రాసుకుంటుంది. పేజీ బొమ్మ ఎంత అందంగా ఉన్నా దానికి అనవసరం, అది బొమ్మ చూడదు, అడ్రసు చూస్తుంది. ఎప్పుడూ తనంతట తనే నింపే పాస్‌వర్డు ఇవాళ నింపలేదంటే ఏమిటర్థం? మనమేమో "ఛ, ఇదొకటి, పనిచెయ్యదు" అని విసుక్కుని చేత్తో కొట్టేస్తాం. వద్దు. అక్కడే ఆగాలి. అసలు సైటే పేజీ మార్చినా ఒక్కోసారి నింపదు, నిజమే. అయినా మూసేసి, మన దారిన మళ్ళీ వెళ్ళి చూడండి. నిమిషం పని.

పెద్దది పాస్‌కీ. గూగుల్ ఖాతాలకి 2023 మేలో వచ్చింది. మీ ఫోన్లో ఒక రహస్యం తయారవుతుంది, దాని జత గూగుల్ దగ్గర ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు గూగుల్ ఒక ప్రశ్న పంపుతుంది, మీరు వేలిముద్ర వేస్తే ఫోన్ దానికి సంతకం పెట్టి పంపుతుంది. ఆ సంతకం గూగుల్ డాట్ కామ్ అనే ఇంటిపేరుకి కట్టేసి ఉంటుంది. నకిలీ పేజీ అడిగితే ఫోను దగ్గర ఆ పేరుతో ఏమీ లేదు, ఇవ్వడానికే లేదు. మీరు ఇద్దామనుకున్నా ఇవ్వలేరు. మీరు కొట్టేది ఏదీ లేదు కాబట్టి ఫోన్లో చదివి చెప్పడానికీ ఏమీ లేదు. అందాకా ఎందుకు, గూగుల్ 2017లో తన 85,000 మందికి పైగా ఉద్యోగుల చేత ఇదే సూత్రం మీద పనిచేసే చిన్న యూఎస్‌బీ తాళంచెవులు వాడించింది. ఆ తరవాత పని ఖాతా ఒక్కటి కూడా గాలానికి చిక్కలేదని 2018లో చెప్పింది.

పెట్టుకోవడం సులువు. ఇందాకటి సెక్యూరిటీ పేజీలోనే పాస్‌కీస్ అని ఉంటుంది, అందులో క్రియేట్ నొక్కి వేలిముద్ర వెయ్యండి, అంతే. ఫోనుకి స్క్రీన్‌లాక్ ఉండాలి. ఆ స్క్రీన్‌లాక్ పిన్ను ఇప్పుడు మీ ఖాతా తాళం అవుతుంది కాబట్టి 1234, పుట్టిన సంవత్సరం, ఇవి మార్చెయ్యండి. ఇక్కడో లొసుగు ఉంది, దాచను. పాస్‌కీ పెట్టాక కూడా పాస్‌వర్డు దారి మూసుకుపోదు, మరో పద్ధతిలో వెళ్ళండి అనే లింకు కింద ఉంటుంది. దొంగ పేజీ ఏమంటుంది? "పాస్‌కీ ఇప్పుడు పనిచెయ్యడం లేదు, పాస్‌వర్డు కొట్టండి." ఎప్పుడూ వేలిముద్రతో వెళ్ళే చోట ఈ మాట కనపడిందా, వెంటనే బయటికి రండి.

ఫోను పోతే ఎలా అని అడుగుతారు. అదే పేజీలో టూ స్టెప్ వెరిఫికేషన్‌లో బ్యాకప్ కోడ్స్ ఉంటాయి. పది కోడ్లు, ఒక్కోటి ఎనిమిదంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి ఇంటి దస్తావేజుల్లో పెట్టండి. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టొద్దు. ఆ గ్యాలరీ ఏ ఖాతాలో ఉంది? అదే ఖాతాలో.

రికవరీ నంబరు కూడా ఇప్పుడే చూసుకోండి. పదేళ్ళ కిందటి నంబరుంటుంది చాలామందికి. మనం వదిలేసిన నంబరు 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉంటే వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఇక్కడి సిమ్ముకి రీఛార్జి మానేస్తారు, జీమెయిల్లో, బ్యాంకులో నంబరు అదే ఉంటుంది. ఇవాళ రాత్రి వీడియో కాల్లో అడగండి.

వాట్సాప్. ఇక్కడ గాలం వేసేది తెలిసినవాళ్ళ పేరుతోనే. మీ మేనల్లుడి నంబరు నుంచి మెసేజి. "అత్తయ్యా, పొరపాటున నీకు ఆరంకెల కోడు వచ్చింది, పంపవా?" అది మేనల్లుడు కాదు, మేనల్లుడి ఖాతా ఎత్తుకుపోయినవాడు. ఆ కోడు మీ ఖాతా తాళం. ఇంకో రకం, ఫోటో చూడండి, ఓటు వెయ్యండి అని పేజీ తెరిపించి, మీ నంబరు అడిగి, ఎనిమిది అక్షరాల కోడు చూపించి వాట్సాప్‌లో కొట్టమంటారు. కొడితే వాడి కంప్యూటరు మీ ఖాతాకి జతపడుతుంది. మీ ఫోన్లో వాట్సాప్ మామూలుగానే నడుస్తుంటుంది, మీకు తెలియదు. అందుకని వాట్సాప్ సెట్టింగుల్లో లింక్డ్ డివైసెస్ నెలకోసారి చూడండి. తెలియనిది కనపడితే లాగవుట్. అలాగే అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, ఆరంకెల పిన్ను. ఖాతా పోతే వాట్సాప్ మళ్ళీ పెట్టి మీ నంబరుతో కోడు తెప్పించుకుని కొట్టండి, ఆ నంబరు మీద నడుస్తున్న వాడి ఫోను బయటికి పోతుంది. వాడు ముందే పిన్ను పెట్టేసి ఉంటే మీరు ఏడు రోజులు ఆగాలి, కానీ ఆ ఏడు రోజులూ వాడికీ ఖాతా ఉండదు.

ఏపీకే ఫైళ్ళు. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, ఆఖరికి పెళ్ళి శుభలేఖ పేరుతో వస్తున్నాయి. శుభలేఖ బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. పేరు చివర ఏపీకే ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. ఎక్కించుకుంటే మెసేజిలు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చారా, ఓటీపీలు మీకంటే ముందు వాడు చదువుతాడు. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతకండి. వాట్సాప్ ఎదురుగా ఆన్‌లో ఉంటే ఆఫ్ చెయ్యండి. ఎక్కించేశారా? ముందు ఫ్లైట్ మోడ్. వైఫై కూడా ఆఫ్ అయిందో లేదో చూడండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కీ చెయ్యండి. తరవాత ఫోటోలు దాచుకుని ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. యాప్ తీసేస్తే చాలు కదా అంటారు, ఐకాను కనపడకుండా దాక్కునేవి ఉన్నాయి, అందుకే రీసెట్.

ఇప్పుడు, చిక్కుకున్నాక. వరస ముఖ్యం, రాసుకుంటే రాసుకోండి.

డబ్బు కదిలిందంటే అన్నిటికంటే ముందు 1930. సైబర్ నేరాల హెల్ప్‌లైను. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి దూకుతుంది. విత్‌డ్రా అయ్యేలోపు ఏ మెట్టు మీద దొరికితే అక్కడ ఆపుతారు, అందుకే తొందర. తరవాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు. బ్యాంకుకి చెప్పి ఫిర్యాదు నంబరు, టైము రాసుకోండి. ఎందుకంటే 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం మీరు చెప్పిన తరవాత పోయిన డబ్బు బ్యాంకు బాధ్యత. ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే చెప్పేదాకా పోయింది మీది. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోతే, మూడు పనిదినాల్లో చెబితే, మీ మీద భారం లేదు. అల్లుడొచ్చాక అడిగి చేద్దాం అని రెండు రోజులు ఆగితే ఎంత తేడానో చూడండి.

జీమెయిల్ పోయిందనిపిస్తే వేరే ఫోన్లోంచి, మన దారిన వెళ్ళి పాస్‌వర్డు మార్చండి. మార్చి ఊరుకుంటారు అందరూ. అది సగం పనే. దొంగ ఇంట్లోకొచ్చి వెళ్ళేటప్పుడు పెరటి తలుపు గడియ తీసి ఉంచుతాడు. యువర్ డివైసెస్‌లో తెలియని ఫోన్లు తీసెయ్యండి. రికవరీ నంబరు, రికవరీ మెయిలు వాడిది పెట్టాడేమో చూడండి. వాడి పాస్‌కీ చేర్చాడేమో చూడండి. మన ఖాతాలోకి అనుమతి ఉన్న బయటి యాప్‌లు చూడండి. ఇక అందరూ మర్చిపోయేది, కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్. బ్యాంకు మెయిలొస్తే చెత్తబుట్టలో వెయ్యి, ఒక నకలు నాకు పంపు అని ఫిల్టరు పెట్టి వెళ్తాడు. మీరు పాస్‌వర్డు పదిసార్లు మార్చినా ఆ నకలు వెళ్తూనే ఉంటుంది.

ఏమిటమ్మా, గట్టిగా అడగండి. ...పాస్‌వర్డులు పుస్తకంలో రాసుకోవచ్చా అంటున్నారు. రాసుకోండి. ఎక్కడో ఉన్న దొంగ మీ వంటింటి అల్మారాలో పుస్తకం చదవలేడు. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు పెట్టుకుని గుర్తుంచుకోవడం కంటే వేరువేరుగా పెట్టుకుని రాసుకోవడం నయం. ఏటీఎం పిన్నూ, యూపీఐ పిన్నూ మాత్రం అందులో రాయకండి.

సరే, నేను మాట్లాడింది చాలు. మొదటి రెండు వరసలవాళ్ళు పాస్‌కీ మొదలుపెట్టండి, మిగతావాళ్ళు వాట్సాప్ పిన్ను. తిరుగుతూ వస్తాను, ఎక్కడ ఆగితే అక్కడ చెయ్యెత్తండి. పెట్టుకున్న పిన్ను మాత్రం నాకు చెప్పకండి. ...అయ్యో, చెప్పేశారా? మార్చండి సార్, మళ్ళీ పెట్టండి.